గాలి లేని చక్రాలు

ఆగస్టు ఇరవై ఆరు, మంగళవారం, సాయంత్రం ఆరుంపావు. నీడలో తొంభై ఏడు ఫారెన్‌హీట్ డిగ్రీలు. గాలి కదలడం లేదు. ఉత్తరాన కొండల్లో అంటుకున్న మంటల పొగ దిగివచ్చి, బాయ్‌సీ ఊరి మీద పసుపు కలిపిన బూడిదలా పేరుకుని ఉంది.

లోరియా బోర్లా పడుకుని ఉంది. గడ్డం కింద ఒక దిండు, ఛాతీ కింద ఒక దిండు. నడుముకు దిగువన పలచని గుడ్డ తప్ప ఏదీ కప్పవద్దని మధ్యాహ్నం వచ్చిన నర్సు కచ్చితంగా చెప్పి వెళ్ళింది. లోరియా తల్లి బెగోన్యా పొడుగు కాడ ఉన్న అద్దం పట్టుకుని మంచం పక్కన నిలబడింది.

"ఇంకోసారి చూపించు, ఆమా."

ఆ ఇంట్లో తల్లిని తమ బాస్కు భాషలో ‘ఆమా’ అనే పిలుస్తారు. అల్లుడికి ఆ భాష రాకపోయినా ఆ ఒక్క మాట వచ్చు.

"ఇందాకేగా చూశావు."

"ఇందాక చూసింది నమ్మబుద్ధి కాలేదు. చూపించు."

బెగోన్యా అద్దం వంచింది. ఎడమవైపు, కూర్చున్నప్పుడు బరువంతా ఆనే ఎముక మీద, పావు డాలరు బిళ్ళంత మేర చర్మం ఎర్రగా కమిలి ఉంది. నడుమ చిట్లి, తడిగా మెరుస్తోంది.

అది లోరియాకు నొప్పి పెట్టలేదు. తొమ్మిదేళ్ళ కిందట కారు ప్రమాదంలో వెన్ను విరిగిన నాటినుంచీ నడుము కింద ఆమెకు ఏదీ నొప్పి పెట్టదు. అందుకే రోజూ రాత్రి పడుకోబోయే ముందు అద్దంలో ఒళ్ళు చూసుకోవడం ఆమెకు పళ్ళు తోముకోవడం లాంటి అలవాటు. నొప్పి చెప్పవలసిన సంగతిని ఆమెకు అద్దం చెప్పాలి.

బయట ట్రక్కు ఆగింది. ఆమె భర్త టోబిన్ వచ్చాడు. పైకప్పులు వేసే పని అతడిది. అతడికంటె ముందు తారు వాసన గదిలోకి వచ్చింది.

"ఎన్నాళ్ళట?" అన్నాడు గుమ్మంలోంచే.

"ఆరు వారాలు. ఇలాగే, బోర్లా. చెప్పిన మాట వింటే."

"వినకపోతే?"

"ఆసుపత్రి. కత్తి. ఆ తరవాత ఇంకో ఆరు నెలలు."

అతడు టోపీ తీసి చేతిలో తిప్పాడు. ఆ చప్పుడు ఆమెకు వినిపించింది, ముఖం కనిపించలేదు.

"అసలెలా వచ్చింది?"

లోరియా దిండులోకి నవ్వింది. "నీ చక్రాలను అడుగు."

కోపంలో అన్న మాటే అయినా అది నిజమే. అయితే అందులో నిజం సగమే. మిగిలిన సగానికి జూలై నెలకు వెళ్ళాలి.

లోరియా నడిపేది చేతిసైకిలు. మూడు చక్రాలు. కాళ్ళు ముందుకు చాపి కట్టుకుని, ఛాతీ ఎదుట ఉన్న పెడళ్ళను చేతులతో తిప్పాలి. నీటిపారుదల కార్యాలయంలో కాలవల పటాలు గీసే ఉద్యోగానికి ఆమె రోజూ కాలవ గట్టు మీదుగా దాని మీదే వెళ్ళేది. ప్రమాదం తరవాత ఆమె మళ్ళీ కారు స్టీరింగు పట్టుకోలేదు. పట్టుకోనని చెప్పింది, అంతే.

ఆ గట్టంతా పల్లేరు. మేక తలకు కొమ్ముల్లా ముళ్ళున్న ఆ కాయల మీదుగా పోతే ఏ టైరూ నిలవదు. ఆగస్టు వచ్చిందంటే ఆ ఊరి జనం జట్లు కట్టి పల్లేరు పీకుతారు. పీకినదాన్ని గోనెల్లో కుక్కి తూకం వేయించి, ఎవరి గోనె బరువో చెప్పుకుని మురుస్తారు. అయినా మరుసటి ఏడు పల్లేరు మళ్ళీ అక్కడే ఉంటుంది.

వెనక చక్రాలు రెండూ ఆమె భుజాల వెనక, చేతికి అందేటట్టు ఉంటాయి. వాటికి పంచరైతే సీటు దిగకుండానే వేసుకోగలదు. ముందు చక్రం సంగతి వేరు. అది మోకాళ్ళ మధ్య, పెడళ్ళ కింద, గొలుసు పక్కన ఉంటుంది. దానికి ముల్లు దిగితే ఆమె టోబిన్‌కు ఫోను చేసేది. అతడు ఏదో ఒక కప్పు మీద మేకులు కొడుతూ ఉండేవాడు. దిగి వచ్చేవాడు. జూలైలో అలా మూడోసారి దిగివచ్చిన రోజున కూలీల ముందు యజమాని అతణ్ణి నిలదీశాడు. నాలుగోసారి ఆమె ఫోను చేస్తే అతడు ఎత్తలేదు. ఎండలో ఆ గట్టు మీద ఆమె గంటల తరబడి కూర్చున్నాక, చీకటి పడబోతుండగా, గుర్రాలను తరలించే ట్రెయిలరును ట్రక్కుకు తగిలించుకుని పోతున్న ఎవరో దంపతులు ఆమెను, సైకిలును కలిపి గుర్రాలుండే చోట ఎక్కించి ఇంటికి తెచ్చారు.

మరుసటి వారం టోబిన్ ఆమెకు చెప్పకుండా మూడు చక్రాలకూ గాలి అక్కరలేని గట్టి రబ్బరు టైర్లు వేయించాడు. ముందు చక్రానికి రిబ్బను కూడా కట్టాడు.

ముల్లు దిగదు, గాలి పోదు. పోయే గాలే లేదు. కాని కంకర దెబ్బలను ఇన్నాళ్ళూ మింగినది ఆ గాలే. ఇప్పుడు ప్రతి రాయీ సీటులోకి వచ్చింది, సీటులోంచి ఎముకలోకి, ఎముకకూ సీటుకూ మధ్య నలిగిన చర్మంలోకి. అలా ఇరవై మైళ్ళు తిరిగివచ్చిన రోజుల్లో కూడా ఆమెకు తెలిసింది పళ్ళు కదిలినట్టు ఉండడం వరకే.

"అద్దం చూసుకోలేదా నువ్వు?" అన్నాడు టోబిన్.

"లేదు."

"ఎన్ని రాత్రులు?"

"రెండు. మూడేమో."

"ఎందుకు?"

"సంతోషంగా ఉన్నాను కాబట్టి!" లోరియా తల ఎత్తబోయి, ఎత్తలేక, దిండుకే చెప్పింది. "ఎవరికీ ఫోను చెయ్యకుండా కాలవ చివరిదాకా పోయి వచ్చాను కాబట్టి. అలిసిపోయి, ఒళ్ళు తెలీకుండా పడుకున్నాను కాబట్టి. చాలా?"

"అయితే తప్పు నాదొక్కడిదే కాదు."

"కాదు. లెక్క సరిపోయిందిగా, ఇంక భోంచెయ్యి."

"నీ కోసమే కదా మార్చాను!"

"నా కోసమా? నీకు ఫోను రాకుండా ఉండడం కోసమా?"

రెండూ నిజమేనని ముగ్గురికీ తెలుసు.

"ఇద్దరూ కాసేపు నోళ్ళు మూసుకుంటే," అంది బెగోన్యా అద్దాన్ని గోడ కొక్కేనికి తగిలిస్తూ, "వెల్లుల్లి సూపు చల్లారకముందు తాగొచ్చు. పోట్లాట చల్లారినా బాగానే ఉంటుంది, సూపు ఉండదు."

"నా ఎదురుగా వచ్చి మాట్లాడు టోబిన్. నా వీపుతో ఎంతసేపు మాట్లాడతావు?"

అతడు మంచం చుట్టూ తిరిగి వచ్చి, నేల మీద కూర్చున్నాడు. ఇప్పుడు వారి ముఖాలు ఒకే ఎత్తులో ఉన్నాయి. అతడి కనుబొమల్లో తారు నలుసులు ఉన్నాయి.

"నాకు తెలీదు లోరీ. నిజంగా తెలీదు."

"నీకు తెలీదని నాకు తెలుసు. నన్ను అడిగుంటే నేను వర్నాను అడిగేదాన్ని. వర్నాకి తెలుసు, ఆమెదీ మూడు చక్రాల సైకిలే."

"ఆశ్చర్యంగా ఉంటుందని చెప్పలేదు."

"ఆశ్చర్యంగానే ఉంది," అంది లోరియా.

*

పుండు మానడానికి ఆరు వారాలు కాదు, ఏడు పట్టింది. ఆ ఏడు వారాల్లో టోబిన్ ఆమెను ఎంతో శ్రద్ధగా చూసుకున్నాడనడంలో సందేహం లేదు. అన్నం ప్లేటు దిండు పక్కన పెట్టాడు, ఆమె పటాలు గీసుకోవడానికి మంచం అంచుకు పలక అమర్చాడు. గట్టి టైర్లు తనే ఊడదీసి, చెత్తబండి వచ్చే రోజు వీధిలో పెట్టాడు. కొత్త టైర్లు, కొత్త ట్యూబులు వేశాడు.

ఒంటరిగా మాత్రం వెళ్ళకూడదన్నాడు.

"ఎవరైనా పక్కనుంటేనే. వర్నా గాని, నేను గాని."

"నువ్వు కప్పుల మీద ఉంటావు. వర్నా మధ్యాహ్నం దాకా నిద్ర లేవదు. నన్ను ఆఫీసుకి ఎవరు తీసుకెళ్తారు?"

"నేను దింపుతాను."

"ఎన్నేళ్ళు?"

ఆ వారమంతా ఇంట్లో గిన్నెల చప్పుడే ఎక్కువగా వినిపించింది. చివరికి ఒక షరతు కుదిరింది. కుదిర్చింది వర్నా.

వర్నా హోల్‌కాంబ్ బడిపిల్లల బస్సు నడిపి రిటైరైన మనిషి. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. మూడు చక్రాల సైకిలు మీద తిరుగుతుంది. పంచరైతే కుడిచేత్తో, పళ్ళతో, తిట్లతో వేసుకుంటుంది. చక్రం ఊడదీయకుండా ట్యూబును ఒక పక్కనుంచి లాగి అతుకు వెయ్యవచ్చునని లోరియాకు చెప్పింది ఆమే.

అక్టోబరు పద్దెనిమిది, శనివారం మధ్యాహ్నం ఆ నలుగురూ ఇంటి ముందు కాంక్రీటు మీద చేరారు. వీధిలో పత్తిచెట్ల ఆకులు పసుపు తిరిగి రాలుతున్నాయి.

"షరతు మళ్ళీ చెప్తున్నాను," అన్నాడు టోబిన్. పొద్దుటి పని మీదనుంచి తిన్నగా వచ్చాడు. మేకుల సంచి ఇంకా నడుముకే ఉంది. "ముందు చక్రం. సీటు దిగకూడదు. నేను వేలు పెట్టను. నువ్వు పంచరు వేసేస్తే ఇక ఒంటరిగా వెళ్ళొద్దన్న మాట ఎత్తను."

"వేలు పెట్టనన్నావు కదా అబ్బాయీ," అంది వర్నా, "అయితే రెండు చేతులూ జేబుల్లో పెట్టు. అలాగే ఉంచు. మా కుక్కకైతే ఇంకోలా చెప్తాను."

"మీ కుక్క నా మాట వింటుంది వర్నా, మీ మాటే వినదు."

"అది మగది మరి."

లోరియా నవ్వింది. ఏడు వారాల్లో ఆమె గట్టిగా నవ్వడం అదే మొదలని బెగోన్యా గుమ్మంలోంచి గమనించింది.

వర్నా డబ్బా తెరిచి ఒక పల్లేరు కాయ అందించింది. "మా వీధి చివర ఏరాను. తాజా సరుకు."

లోరియా ఛాతీ పట్టీ వదులు చేసుకుని ముందుకు వంగింది. కాయను టైరుకు ఆనించి అరచేత్తో గట్టిగా అదిమింది. లాగింది. సన్నగా గాలి కూసింది.

ఆ వెంటనే రంధ్రంలోంచి ఆకుపచ్చని బుడగ ఒకటి పొంగింది. పగిలింది. కూత ఆగిపోయింది.

లోరియా ఆ ఆకుపచ్చ మచ్చను వేలితో తాకి, వేలిని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదేమిటి?"

వర్నా టోబిన్ వైపు చూసింది.

"టోబిన్. ఇదేమిటి?"

"పంచరు బంక. ట్యూబుల్లో పోశాను. ముల్లు దిగితే దానంతటదే మూసుకుంటుంది. ఈ ఊళ్ళో అందరూ పోసేదే కదా."

"అందరూ పోస్తారు. నాకు చెప్పి పోశావా?"

"మంచిదే కదా లోరీ!"

"మంచిదే. నాకు చెప్పి పోశావా?"

వర్నా వీధి వైపు చూస్తూ అంది: "నిజం చెప్పాలంటే నేనూ పోస్తాను. కానీ నాది నేనే పోసుకుంటాను."

"చూడు," అన్నాడు టోబిన్, "పంచరే కాలేదు. పరీక్ష అయిపోయింది. నువ్వే గెలిచావనుకో."

"గెలిచింది బంక." ఆమె చెయ్యి చాపింది. "ఆ సంచిలోంచి ఒక మేకు ఇయ్యి."

"ఎందుకు?"

"ఇయ్యి."

అతడు ఇవ్వలేదు. చేతులు జేబుల్లో ఉన్నాయి, షరతు ప్రకారం. లోరియా పక్కకు వాలి, అతడి నడుము సంచిలోంచి వెడల్పు తల ఉన్న మేకు ఒకటి తనే తీసుకుంది. టైరు మీద నిలబెట్టి, పంపు అడుగుభాగంతో రెండు దెబ్బలు కొట్టింది. మేకును అటూ ఇటూ ఆడించి పెరికింది.

ఈసారి బంక ఆపలేకపోయింది. ఆకుపచ్చ ధార లేచి ఆమె మోకాళ్ళ మీద, చొక్కా మీద, టోబిన్ బూట్ల మీద పడింది.

"అయ్యయ్యో, ఆ ప్యాంటు నిన్ననే ఉతికాను!" అంది బెగోన్యా.

టైరు నేల మీద చప్పబడిపోయింది.

లోరియా వెనక చక్రాలను చేతులతో తోసి, రంధ్రం పైకి వచ్చేదాకా సైకిలును అంగుళం అంగుళం జరిపింది. గొలుసు లేని పక్కనుంచి టైరు అంచు కింద ప్లాస్టిక్ లీవరు దూర్చింది. కొత్త టైరు అంచు మొండిగా ఉంది. లీవరు పుటుక్కున విరిగింది. రెండోదాన్ని దూర్చింది. ముందుకు వంగినప్పుడల్లా నడుము నిలవక శరీరం పెడళ్ళ మీదికి తూలుతోంది. ఒక చేత్తో తనను తాను ఆపుకుంటూ, రెండో చేత్తో పని చేయాలి.

టోబిన్ కుడి చెయ్యి జేబులోంచి బయటికి వచ్చింది. టైరు వైపు ఒక్క అంగుళం కదిలింది.

లోరియా లీవరుతో దాని మీద కొట్టింది. ఊరికే కాదు, గట్టిగానే.

"జేబులో పెట్టు."

అతడు పెట్టుకున్నాడు. వేళ్ళ మీద తెల్లని గీత తేలింది.

టైరు అంచు వచ్చింది. ట్యూబు ఒక పక్కనుంచి లాగింది. దాని నిండా బంక. చొక్కా అంచుతో తుడిచింది, గరుకు కాగితంతో రుద్దింది, సొల్యూషన్ రాసింది, ఆరేదాకా ఊదింది, అతుకు అంటించి బొటనవేలితో అదిమి పట్టుకుంది. వర్నా పెదవులు కదుపుతూ లోలోపల ఏదో లెక్కపెట్టింది. పంపు కొట్టగానే రంధ్రంలోంచి బంక ఊరి, అతుకు నూనె రాసిన నాణెంలా పక్కకు జారింది.

మళ్ళీ తుడిచింది. మళ్ళీ రుద్దింది. మళ్ళీ జారింది.

"కొత్త ట్యూబు వేసుకోరాదూ?" అంది బెగోన్యా ఉండబట్టలేక.

"దానికి చక్రం ఊడదియ్యాలి ఆమా. చక్రం ఊడదియ్యాలంటే సీటు దిగాలి. అందుకే కదా ఇప్పుడు ఈ తిప్పలన్నీ!"

ఎండ వీధి దాటి ఎదురింటి గోడ ఎక్కింది. కాసేపటికి వర్నా తన సైకిలు ఎక్కి, లోరియా భుజాన్ని ఒకసారి పట్టి వదిలి, గంట కొట్టకుండా వెళ్ళిపోయింది.

అతుకుల డబ్బా ఖాళీ అయింది.

"ఇక లోపలికి పద," అన్నాడు టోబిన్ మెల్లగా.

"అడుగు."

"ఏమని?"

"దేని చేతిలో ఓడిపోయానో అడుగు."

అతడు అడగలేదు. చప్పబడిన టైరు వైపు, తన బూట్ల మీది ఆకుపచ్చ చుక్కల వైపు చూశాడు. అతడు తెలివితక్కువవాడు కాడు. పంచరు కాకూడదని తాను పోసినదే పంచరును అతకనివ్వకుండా చేసిందని అప్పటికే గ్రహించాడు. గ్రహించిన తరవాత కూడా అతడు అన్న మాట ఇది:

"షరతుకి నువ్వే ఒప్పుకున్నావు లోరీ."

"ఒప్పుకున్నాను. బంక లేని చక్రానికి."

"గట్టు మీద అయినా ఇంతేగా? ఏది ఎప్పుడు ఎలా ఉంటుందో ఎవరికి తెలుసు? అక్కడ కూడా ఇలాగే కూర్చుంటావు. చీకటి పడేదాకా. నేను మళ్ళీ అలా..." అతడు ఆగాడు. "ఆ రోజు నీ ఫోను చూశాను. చూసే ఎత్తలేదు. తెలుసా?"

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ రోజు నుంచే. ఎత్తనందుకు నాకు కోపం రాలేదు టోబిన్. పనిలో ఉన్నావు. నీకు కోపం వచ్చింది, నీ మీద. ఆ కోపానికి నా సైకిలుకి టైర్లు వేయించావు."

బెగోన్యా గుమ్మంలోంచి లోపలికి వెళ్ళి, వంటింటి కుళాయి అవసరానికి మించి గట్టిగా తిప్పింది.

*

ఆదివారం ఉదయం లోరియా భర్తను ఒకే ఒక సాయం అడిగింది. "ముందు చక్రం ఊడదీసి వంటింటి బల్ల మీద పెట్టు."

అతడు పెట్టాడు. ఆమె బంక పట్టిన ట్యూబు పారేసింది. టైరు లోపలంతా గిన్నెల సబ్బుతో కడిగింది. ముల్లు దిగకుండా టైరుకూ ట్యూబుకూ నడుమ పరిచే మందపాటి పట్టీని కొలిచి కత్తిరించింది. తల్లి బల్ల అవతలి వైపు నిలబడి చక్రం కదలకుండా పట్టుకుంది. కొత్త ట్యూబు చేతిలోకి తీసుకునేసరికి టోబిన్ పక్కకు వచ్చాడు. అతడి చేతిలో ఆకుపచ్చ సీసా ఉంది.

"ఇది పొయ్యనా?"

"వద్దు."

"వర్నా కూడా పోస్తుంది."

"వద్దన్నాను."

"పల్లేరుకి పట్టీ ఒక్కటే చాలదు, నేను చెప్తున్నాగా. పోస్తే మంచిది."

"ఇప్పుడు నన్ను అడిగావా, నాకు చెప్తున్నావా?"

"అడిగాను! అడగమన్నావు, అడిగాను!"

"అడిగావు. నేను వద్దన్నాను. మరి ఆ జవాబు ఏది, ఎక్కడికి పోయింది?"

అతడు సీసాను బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాడు. వెనక తలుపు మూసుకున్న తీరుకు గోడ మీది అద్దం కదిలింది.

మధ్యాహ్నం లోరియా గ్యారేజీలో సైకిలు మీద కూర్చుని, అదే మేకుతో ముందు చక్రాన్ని మళ్ళీ పొడిచింది. తల్లి ఒక కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చుంది. అల్లిక తెచ్చుకుంది గాని ఒక్క కుట్టు కూడా వెయ్యలేదు. కొత్త డబ్బాలోని మొదటి అతుకు పక్కల నుంచి గాలి వదిలింది. రెండోది నిలిచింది. లోరియా టైరు అంచును బొటనవేళ్ళతో తోసి లోపలికి కూర్చి, గాలి కొట్టి, చెవి ఆనించింది.

"ఏమైనా వినిపిస్తోందా?" అంది బెగోన్యా గుసగుసగా.

"నువ్వు వినిపిస్తున్నావు. ఊపిరి తియ్యకు."

తల్లి ఊపిరి బిగబట్టింది. ఏమీ వినిపించలేదు. లోరియా చేతుల నిండా నలుపు, పిడికిలి మీద చర్మం లేచిపోయింది. ఆమె ఏడుస్తోందని తల్లికి అర్థమైంది. తల్లి కదలలేదు, ముట్టుకోలేదు.

టోబిన్ తిరిగి వచ్చాక లోరియా చెప్పింది: "వేశాను. సీటు దిగకుండా."

"నేను చూడలేదు."

"ఆమా చూసింది."

"ఆమా నీ తల్లి."

బెగోన్యా అల్లిక ఒళ్ళో పెట్టుకుని అల్లుడి వంక చూసింది. "నేను అబద్ధం ఆడతానంటావా, నాయనా?"

"మీరు అబద్ధం ఆడరు ఆమా. కానీ మీ కూతుర్ని ఆపరు కూడా."

"ఆపడం నా పని కాదు."

"మరి ఎవరి పని?" అన్నాడు టోబిన్. ఆ ప్రశ్న అతడు నిజంగానే అడిగాడు. జవాబు వస్తుందని కాసేపు నిలబడ్డాడు కూడా.

సోమవారం తెల్లవారుతుండగా లోరియా సైకిలును వాకిట్లోకి తెచ్చుకుంది. గడ్డి మీద మొదటి మంచు పేరి ఉంది. తెల్లని ఊపిరి వదులుతూ కాళ్ళ పట్టీలు బిగించుకుంది. పుండు మళ్ళీ పడకుండా తెచ్చుకున్న కొత్త మెత్త, సీటు మీద సరిగా ఉందో లేదో రెండుసార్లు తడిమి చూసుకుంది. టోబిన్ కాఫీ కప్పుతో మెట్ల మీద నిలబడ్డాడు.

"ఏ దారిన?"

"గట్టు మీదుగా."

"రోడ్డు మీదుగా పోవచ్చుగా. పల్లేరు ఉండదు."

"కార్లుంటాయి."

ఆమె పెడళ్ళు తిప్పింది. వీధి చివర సైకిలు వెనక ఉన్న ఎర్రని దీపం పడమటికి మళ్ళి, చెట్ల వెనక కనబడకుండా పోయింది.

ఆ వారం టోబిన్ పని ఊరికి తూర్పున, కొండ వాలులో కడుతున్న కొత్త ఇళ్ళ మీద ఉంది. ఆ సంగతి బెగోన్యాకు తెలుసు, ఎందుకంటే భోజనం డబ్బా కట్టేది ఆమె. వంటింటి కిటికీలోంచి ఆమె చూస్తూ ఉండగానే అతడు కాఫీ మెట్ల మీద పారబోసి ట్రక్కు ఎక్కాడు. ట్రక్కు తూర్పుకు తిరగలేదు. దీపాలు వెయ్యకుండా, మనిషి నడకంత నెమ్మదిగా, లోరియా వెళ్ళిన వైపే, పడమటికి మళ్ళింది.

సాయంకాలం లోరియా చలికి బుగ్గలు ఎర్రబడి ఇంటికి వచ్చింది. చేతొడుగులు తీసి బల్ల మీద పడేసింది.

"ఎలా జరిగింది?" అంది తల్లి.

"ఒక్కదాన్నే పోయాను, ఒక్కదాన్నే వచ్చాను ఆమా! ఒక్క ముల్లు దిగలేదు. దిగినా భయం లేదు. ఆ గట్టు మీద పురుగు కూడా లేదు తెలుసా, నేనూ కాలవా తప్ప."

బెగోన్యా గరిటె పట్టుకుని వెనక్కి తిరిగింది. బల్ల అవతల టోబిన్ రొట్టె తుంచుతున్నాడు. తుంచడం ఆపి, తల ఎత్తి, అత్తగారి కళ్ళలోకి తిన్నగా చూశాడు.

ఆమె ఏమీ అనకుండా కూతురి గిన్నెలో సూపు పోసింది. ఆ తరవాత అల్లుడి గిన్నెలో పోసింది.

ఆ తరవాత లోరియా తొమ్మిదేళ్ళ పాటు అదే గట్టు మీదుగా ఉద్యోగానికి వెళ్ళి వచ్చింది. టోబిన్ ఆ ఇంట్లో ఉన్నది వాటిలో మొదటి రెండేళ్ళే.